తలంటు నీళ్లు

దీపావళి తెల్లవారుజామున మా అత్తగారు బుజ్జికి నువ్వులనూనె పట్టించి, సున్నిపిండితో నలిచి, పొగలు కక్కే నీళ్లు పోశారు. రెండో చెంబుకే పిల్ల ఎడమచెయ్యి టకటకా కొట్టుకుంది. అప్పటికి దానికి ఏడాది దాటి రెండు నెలలు. ఆరో నెలలో టీకా జ్వరానికి ఓసారి ఫిట్స్ వచ్చాయి గానీ, జ్వరానికి పసిపిల్లలకు రావడం మామూలే, అయిదేళ్లొస్తే అవే పోతాయి అన్నారు. మరి ఈసారి జ్వరమేదీ? ఎవరో చేతిలో తాళాలగుత్తి పెట్టారు. పక్కింటావిడ ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టింది. నేను గోడగడియారం చూస్తూ కూర్చున్నాను. 22 నిమిషాలు.

ఆ రాత్రే మావారు పనిచేసే బట్టల షాపు బిల్లుపుస్తకం ఒకటి తీసి వెనకవైపు రాయడం మొదలుపెట్టాను. తేదీ, టైము, ఎడమా కుడా, ఎంతసేపు, అంతకుముందు ఏం జరిగింది.

మాది ఒడిశాలోని బరంపురం. రెండేళ్ల వయసులో ఇక్కడే ఒకరికి చూపిస్తే కార్బమాజెపిన్ రాశారు. మందు మొదలెట్టాక ఫిట్స్ ఇంకా ఎక్కువయ్యాయి. అదే మాట చెబితే డోసు పెంచారు. నాకు మందుల సంగతేం తెలుసు, వేళ తప్పకుండా పోశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవుతుంది. మా అత్తగారు మాత్రం, రెండేళ్లకోసారి జరిగే మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో పిల్లకు వేషం కట్టిస్తానని మొక్కేసుకున్నారు.

నాలుగో ఏట ఒక రాత్రి 102 జ్వరం. ఫిట్స్ మొదలై ఆగవే. ఆటోలో ఒళ్లో పక్కకు తిప్పి పడుకోబెట్టుకున్నాను, నురగ నా చీరలోకి కారుతోంది. లోరాజెపామ్ రెండుసార్లు ఇచ్చి, ఆపైన లెవెటిరాసెటామ్ డ్రిప్ పెడితే గానీ ఆగలేదు. నా లెక్కకు 47 నిమిషాలు.

ఐసీయూలో రెండు రోజులు. రెండోనాడు నర్సు వంగి "తుమొ నా కొణొ?" అని పేరడిగింది. బుజ్జి కళ్లు తెరిచే ఉంది, పలకలేదు. మళ్లీ అడిగింది. పలకలేదు. నర్సు కాగితం మీద ఏదో రాసుకుంటుంటే నాకు గుండె జారిపోయింది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం అమ్మా, దానికి మీ మాట అందలేదేమో అని ఒడియాలో చెప్పి, నేనే చెవి దగ్గర "బుజ్జీ, ఎవరే నేను?" అన్నాను. పెదవి వణికింది. ఏడ్చింది. అంత హాయిగా ఏ ఏడుపూ వినలేదు నేను.

డిశ్చార్జి కాగానే రైలెక్కి విశాఖపట్నం వెళ్లాం. అక్కడి పిల్లల న్యూరాలజిస్టు స్కాన్ల కవరు పక్కన పెట్టి ముందు నా బిల్లుపుస్తకం తీసుకున్నారు. పేజీలు తిప్పుతూ ఒకచోట ఆగి, "వేడినీళ్లు పోసినప్పుడు వచ్చాయా?" అన్నారు. నేను మావారి మొహం చూశాను.

రక్తం తీసి జన్యుపరీక్షకు పంపారు. ఎస్‌సీఎన్ 1ఏ అనే జన్యువులో మార్పు ఉందట. డ్రావే సిండ్రోమ్. 1978లో షార్లెట్ డ్రావే అనే ఫ్రెంచి డాక్టరమ్మ మొదట వివరించిన జబ్బు. జ్వరమూ, ఒంటికి తగిలే వేడీ ఇందులో ఫిట్స్ తెప్పిస్తాయి. సోడియం ఛానెళ్లను, అంటే నరాల కణాల్లోకి సోడియం వెళ్లే దారులను, అడ్డుకునే కార్బమాజెపిన్ లాంటి మందులు దీన్ని ముదిరేలా చేస్తాయి. దాన్ని తగ్గిస్తూ ఆపి, వాల్‌ప్రోయేట్, క్లోబాజామ్ మొదలుపెట్టారు. పూర్తిగా పోయే జబ్బు కాదని మొహం మీదే చెప్పారు. అలా చెప్పినందుకే ఆయన మీద గురి కుదిరింది.

అక్కడ వార్డులో ఉండగా ఒక ఫిట్ వచ్చి నాలుగు నిమిషాల్లో ఆగింది. రెండు గంటలు పడుకుని లేచి, నర్సమ్మ వంక చూసి "భోకొ లాగుఛి" అంది బుజ్జి. నర్సమ్మ తెల్లమొహం వేసింది. ఆకలంటోందండీ అన్నాను, నవ్వూ ఏడుపూ కలిసొచ్చి. ఎదురింటి పిల్లల దగ్గర ఎప్పుడు పట్టిందో ఆ ఒడియా మాట!

ఇప్పుడూ వస్తాయి, నెలకు ఒకటో రెండో. అయిదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టడానికి మిడాజోలం స్ప్రే నా సంచీలోనే ఉంటుంది. మొన్న దీపావళికి మా అత్తగారు మోచెయ్యి ముంచి చూసి చూసి నీళ్లు తొలిపారు. ఈ చన్నీళ్లకు నూనెజిడ్డు వదులుతుందా అని గొణుగుతూ, ఇంకాస్త సున్నిపిండి తెమ్మన్నారు.