లేవకముందే లేచిన మెడ

కడపలోని ఒక జూనియర్ కళాశాలలో నేను 26 ఏళ్ళుగా తెలుగు బోధిస్తున్నాను. మూడేళ్ళ కిందటి ఏప్రిల్‌లో, ఇంటర్మీడియట్ స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకు 30 జవాబుపత్రాలు దిద్దుతున్న రోజుల్లో, మెడ కుడివైపు నుంచి రెక్క ఎముక మీదుగా మోచేతి దాకా ఒక పోటు మొదలయింది. వారం గడిచేసరికి బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కి, ఎర్ర పెన్ను పట్టు జారిపోసాగింది. రాత్రి ఏ పక్కకు తిరిగి పడుకున్నా చెయ్యి లాగేది. ఆ చేతిని నడినెత్తి మీద పెట్టుకున్నప్పుడు మాత్రమే కాస్త నెమ్మదించేది. గోడకు ఆనుకొని కూర్చునే తెల్లవార్చిన రాత్రులు ఎన్నో ఉన్నాయి.

ఎమ్మారై తీయించిన వైద్యుడు, మెడలోని 7 వెన్నుపూసలలో అయిదవ, ఆరవ పూసల మధ్య ఉన్న డిస్క్ ఉబ్బి, అక్కడి నుంచి చేతికి వెళ్ళే నరాన్ని ఒత్తుతున్నదని చెప్పారు. బొటనవేలికీ చూపుడువేలికీ స్పర్శ అందించేది ప్రధానంగా ఆ నరమే కాబట్టి తిమ్మిరి సరిగ్గా ఆ వేళ్ళలోనే ఉన్నదని ఓపికగా వివరించారు. చేతిలో బలం తగ్గినా, నడక తడబడినా, మూత్రం మీద అదుపు తప్పినా ఒక్కరోజు కూడా ఆగకుండా రమ్మని హెచ్చరించి, మందులూ ఫిజియోథెరపీ రాశారు. నెలన్నరలో పోటు సగానికి పైగా తగ్గింది. అయితే నల్లబల్ల మీద పద్యం మొత్తం రాసిన రోజునో, ఎర్రముక్కపల్లెలోని బ్రౌన్ గ్రంథాలయంలో పాత పుస్తకం ముందు రెండు గంటలు కూర్చున్న రోజునో అది మళ్ళీ తలెత్తేది. అలా ఏడాది గడిచింది.

నా కూర్చునే తీరులో దోషం ఉన్నదని నాకు ఎన్నడూ తోచలేదు. మా నాయన చిన్నప్పటి నుంచి "వెన్ను నిక్కించి కూర్చోరా" అని చెప్పి పెంచారు. నేను అలాగే కూర్చుంటానని నాకు గట్టి నమ్మకం. నొప్పి వచ్చినప్పుడల్లా ఛాతీని ఇంకా ముందుకు తోసి, భుజాలను ఇంకా వెనక్కి విరిచేవాణ్ణి. నేను వైద్యం అనుకొని చేసిన ఆ పనే నొప్పికి ఎంత దోహదం చేసిందో తరువాతి వేసవిలో తెలిసింది.

మా సహాధ్యాపకుని చెల్లెలు బెంగుళూరులో అలెగ్జాండర్ పద్ధతి నేర్పుతారు; కూర్చోవడంలో, నిలబడడంలో, కదలడంలో మనకు తెలియకుండానే ఒళ్ళు బిగించే అలవాట్లను గుర్తించి మానుకోవడం నేర్పే పద్ధతి అది. ఆ మే నెలలో ఆవిడ పుట్టింటికి వచ్చి నెల రోజులు ఉండగా, ఒక్కొక్కటి అరగంట చొప్పున 14 పాఠాలు నేర్చుకున్నాను. వ్యాయామాలు చేయిస్తారనుకొని వెళ్ళిన నాకు ఆవిడ చూపించినది ఒక చెక్క కుర్చీ. నన్ను అందులో కూర్చోబెట్టి, నా మెడ వెనుక వేళ్ళు తేలికగా ఆనించి, లేవమన్నారు. నేను కదలబోయేలోపే, "సార్, మీరింకా లేవనే లేదు, మీ మెడ అప్పుడే లేచేసింది" అన్నారు. లేవాలన్న తలంపు పుట్టగానే నా మెడ వెనుక కండరాలు బిగుసుకొని, తల వెనక్కి వాలి, గడ్డం ముందుకు పొడుచుకువస్తున్నది. మనిషి తల బరువు సుమారు 4.5 నుంచి 5 కిలోలు ఉంటుంది. వెన్నెముక కొసన తేలికగా నిలవవలసిన అంత బరువును నేను రోజుకు వందసార్లు మెడలోకి అదిమి దింపుతున్నాను.

మొదటి నాలుగు పాఠాలూ నేను నేర్చుకున్నది లేవమన్నప్పుడు లేవకుండా ఉండడమే. మాట వినబడగానే ఆగి, మెడ బిగియకుండా వదిలిపెట్టి, ఆ తరువాతనే లేవాలో వద్దో నిశ్చయించుకోవాలి. ఇది చదవడానికి సులువుగా ఉంటుంది కాని, యాభై ఏళ్ళ అలవాటు ఆ ఒక్క క్షణం కూడా ఇవ్వదు. మరొకనాడు తల మెడ మీద ఎక్కడ ఆని ఉన్నదో చూపించమంటే నేను దవడ కింద వేలు పెట్టాను. అది అంతకంటె చాలా పైన, రెండు చెవుల నడుమ ఉన్నదని ఆవిడ చెప్పినప్పుడు, ఆ చోటును తలచుకుంటూ అవునన్నట్లు తలను చిన్నగా ఊపి చూశాను. ఎప్పుడూ వినిపించే కలుక్కుమనే చప్పుడు లేదు. ఆ సంగతి ఇంటికి వెళ్ళే దారి పొడవునా మనసులో మెదులుతూనే ఉంది.

నన్ను అన్నిటికంటె కలవరపెట్టినది ఆరవ పాఠం. ఆవిడ చేతుల సాయంతో నిలబడినప్పుడు, నేను ముందుకు ఒరిగి పడిపోతున్నానని అనిపించి భయం వేసింది. పక్కనున్న నిలువుటద్దంలో చూస్తే మనిషిని తూకపుగుండు కట్టి నిలబెట్టినట్లు ఉన్నాను. ఇంటికి వచ్చి అలాగే నిలబడి, వంకరగా ఉన్నానా అని అడిగితే, మా ఆవిడ "ఇన్నాళ్ళకు సక్కగ నిలబడినారు" అన్నది. ఏది నిటారో చెప్పే నా లోపలి కొలతే తప్పినప్పుడు, ఆ కొలతతో నన్ను నేను ఎంత సరిదిద్దుకున్నా తప్పే పెరుగుతుంది కదా.

ఈ పద్ధతిని రూపొందించినవారు 1869లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టిన ఎఫ్. ఎం. అలెగ్జాండర్. ఆయన వేదికల మీద కవిత్వం వినిపించే కళాకారుడు. ప్రదర్శనలలో గొంతు పోతుంటే, విశ్రాంతితో తగ్గి చదవగానే తిరగబెట్టే జబ్బుకు కారణం చదివే తీరులోనే ఉండాలని ఊహించి, అద్దాల ముందు తనను తాను పరిశీలించుకున్నారు. నోరు తెరిచే ముందు తల వెనక్కి లాగడం, స్వరపేటికను కిందికి అణచడం, నోటితో గాలిని గుటుక్కున పీల్చడం ఆయన కంటబడ్డాయి. తరగతిలో పోతన పద్యాన్ని గొంతెత్తి చదివే నేను ఇంట్లో అద్దం ముందు అదే పద్యం చదివి చూసుకుంటే, మొదటి పాదం అందుకొనేలోపే ఆ మూడూ కనిపించాయి.

ఈ పాఠాలు ఉబ్బిన డిస్క్‌ను లోపలికి నెట్టాయని నేను అనను. ఇటువంటి నరాల ఒత్తిడి చాలామందిలో కొన్ని నెలలకు దానంతట అదే సర్దుకుంటుంది. అయితే దీర్ఘకాలిక మెడనొప్పి గల 517 మందితో బ్రిటన్‌లో జరిగి 2015లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, 20 పాఠాల వరకు నేర్చుకొనే అవకాశం పొందినవారికి ఏడాది తరువాత, మామూలు వైద్యం మాత్రమే అందినవారి కంటె నొప్పీ దానివల్ల కలిగే ఇబ్బందీ తక్కువగా ఉన్నాయి. నా అనుభవం దానికి దగ్గరగానే ఉన్నది.

ఇప్పుడు రోజూ మధ్యాహ్నం 15 నిమిషాలు మా ఇంటి కడప బండల మీద వెల్లకిలా పడుకొని, మోకాళ్ళు పైకి మడిచి, పాదాలు నేలకు ఆనించి ఉంటాను. తల కింద పుస్తకాలు పెట్టుకోమని ఆవిడ చెప్పారు కాని, పుస్తకాన్ని తలగడ చేయడానికి నాకు మనసొప్పలేదు; మడిచిన దుప్పటి పెట్టుకుంటాను. మొదట్లో కుడి రెక్క ఎముక ఒక్కటే బండకు గుచ్చుకొనేది. రెండు నెలలకు రెండు రెక్కలూ సమంగా ఆనడం మొదలుపెట్టాయి. నల్లబల్ల మీద రాసేటప్పుడు భుజం చెవి దాకా ఎక్కడం, ఎర్ర పెన్నుతో తప్పు కొట్టేటప్పుడు ఊపిరి బిగబట్టడం అప్పుడే నాకు తెలిసివచ్చాయి.

కిందటి ఏప్రిల్‌లో మళ్ళీ వాల్యుయేషన్‌కు వెళ్ళాను. చూపుడువేలి కొసన తిమ్మిరి కొద్దిగా మిగిలే ఉన్నది, పోటు మాత్రం రాలేదు. ప్రతి కట్ట విప్పబోయే ముందు మెడ తనంతట తాను బిగుసుకోబోతుంటే, పెన్ను కింద పెట్టి, అది వదులయ్యే వరకు ఆగి, అప్పుడు మొదటి పత్రం తీస్తున్నాను.