ఎక్కడ రాసి ఉంది?

చార్లెస్టన్‌లో నేను పనిచేసే ల్యాబ్‌లో మధ్యాహ్నం పప్పన్నం తింటుంటే, ఎదురుగా కూర్చున్న పెద్దావిడ నా గిన్నెలోకి చూసి, ఈ దక్షిణ కరొలైనా తీరాన వరి పండించడం దొరలకు తెలియదనీ, పశ్చిమ ఆఫ్రికాలోని సియెర్రా లియోన్ వైపు నుంచి బానిసలుగా పట్టి తెచ్చిన తమ పూర్వీకులే ఆ విద్య నేర్పారనీ అన్నారు. గోదావరి జిల్లాలో పుట్టిన నాకు వరి అంటే మాదే అన్న ధీమా. "అది ఎక్కడైనా రాసి ఉందా?" అని నవ్వుతూనే అడిగాను. ఆవిడ చెంచా పక్కన పెట్టారు.

"మాకు రాత నేర్పితే జరిమానా వేసే చట్టం ఇక్కడ 1740లోనే చేశారు. ఎక్కడ రాసుకోమంటావు?"

నా మాటలో తప్పుందని నాకు వెంటనే తోచలేదు. పట్టా లేని పొలం పొలమే కాదనుకునే ఊళ్లో పెరిగాను. మా నాన్నగారు అడంగల్ నకలును దేవుడి పటం వెనక దాచేవారు. కాగితం అడగడం మాలో అవమానం కాదు, జాగ్రత్త. అయితే ఈ తీరంలో గల్లా గీచీలుగా పిలిచే ఆవిడ జనానికి, అంటే ఆ బానిసల వారసులకు, కాగితం అచ్చిరాలేదు. వీలునామాలు లేకుండా తరతరాలుగా ఉమ్మడిగా అనుభవించిన ఈ తీరపు ద్వీపాల భూములు, ఎవరో ఒక వారసుడి వాటా కొన్న బయటివాడు కోర్టుకెక్కగానే మొత్తంగా వేలానికి పోయిన సందర్భాలు ఎన్నో. పక్క రాష్ట్రం జార్జియాలో వాళ్ల ఊరు హారిస్ నెక్‌ను 1942లో విమాన స్థావరం కోసం ప్రభుత్వమే ఖాళీ చేయించింది.

ఆ హారిస్ నెక్‌లోనే 1930లలో అమీలియా డాలీ అనే ఆవిడ, తనకే అర్థం తెలియని ఒక పాట పాడితే, లొరెంజో డౌ టర్నర్ అనే నల్లజాతి భాషాశాస్త్రవేత్త రికార్డు చేశారు. అది సియెర్రా లియోన్‌లో మాట్లాడే మెండే భాషలో, చనిపోయినవారిని సాగనంపే పాట. 1997లో ఆమె కూతురు మేరీ మోరాన్ సియెర్రా లియోన్‌లోని సెనెహున్ న్గోలా అనే పల్లెకు వెళ్తే, అక్కడ బెందు జబాటి అనే ఆవిడకు నానమ్మ నేర్పిన పాట అదే. సముద్రానికి రెండు వైపులా దాన్ని దాచింది ఆడవాళ్లు. ఏ దస్తావేజూ కాదు.

మరుసటి వారం పెద్దావిడ, ఏమీ అనకుండానే, ఒక బుట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టారు. స్వీట్‌గ్రాస్ అనే సన్నటి గడ్డిని చుట్టలుగా చుట్టి, పాల్మెట్టో అనే తాటిజాతి చెట్టు ఆకు పీలికలతో కుట్టిన వెడల్పాటి బుట్ట. రెండు చేతులా పట్టుకుని మణికట్టుతో ఒక్కసారి ఎగరేసి చూపించారు: ఊక పోవాలి, గింజ వెనక్కి రావాలి. అది అచ్చం మా అమ్మమ్మ చెరిగే తీరు. మన చేటకు ఒకవైపు అంచు ఉండదు, దీనికి చుట్టూ ఉంది. ఆ తేడా మాత్రం నేను ఎత్తలేదు.

ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేసి, అమ్మమ్మ నాట్లప్పుడు పాడే పాట అడిగాను. "ఎందుకే, అక్కడ నాట్లేస్తున్నారా?" అని నవ్వి, మొదటి చరణం పాడింది. రెండోది ఆమెకు గుర్తు రాలేదు. పెద్దత్తను అడిగి చెబుతానంది.