కోడి పులుసు పక్కన మోర్గోన్

ఫ్రాన్స్‌లోని లియాన్ నగరానికి వచ్చిన తొలి ఏడాది, ఇంటికి పిలిచిన అతిథుల కోసం నేను కోడి పులుసు వండి, దాని పక్కన నాకు చేతనైనంతలో ఖరీదైన బోర్దో రెడ్ వైన్ పెట్టాను. రెండో ముద్దకే అందరి నోళ్లూ మండిపోయాయి. పులుసులో కారం ఎప్పటిలాగే వేశాను, వైన్‌లోనూ లోపమేమీ లేదు; ఆ రెంటికీ పొత్తు కుదరలేదు. రెడ్ వైన్‌కు ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ వచ్చే టానిన్ అనే వగరు మిరపకారం మీద పడితే, మంట తగ్గకపోగా నాలుక ఎండిపోయినట్టు అవుతుంది. ఆ సాయంత్రం మా పై అంతస్తులో ఉండే పెద్దాయన తన ఇంటికి వెళ్లి, కాస్త చల్లగా ఉన్న ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. దాని మీద మోర్గోన్ అని ఉంది.

మోర్గోన్ అనేది లియాన్‌కు ఉత్తరాన, మాకోన్ పట్టణానికి దక్షిణాన పరుచుకున్న బోజొలే కొండల్లో, విలియే-మోర్గోన్ అనే ఊరి చుట్టూ పండే వైన్. బోజొలేలో సొంత పేరుతో అమ్ముడయ్యే పది ‘క్రూ’లలో, అంటే పేరుపొందిన వైన్ ప్రాంతాలలో, ఇది ఒకటి. ఈ కొండల్లో రెడ్ వైన్‌కు వాడే ద్రాక్ష గామే. దాని తొక్క నల్లన, రసం తెల్లన. 1395లో బుర్గుండి ప్రభువు ఫిలిప్ ఈ రకాన్ని నమ్మకద్రోహి అని నిందించి, తన రాజ్యంలోని ఆ తీగలన్నిటినీ పీకించమని ఆజ్ఞ ఇచ్చాడు. బుర్గుండి సున్నపురాతి నేలలో పినో నువార్ అనే ద్రాక్షకు దక్కిన పేరు గామేకు దక్కలేదన్నది నిజమే, కానీ బోజొలే ఉత్తర భాగంలోని గ్రానైట్ నేలలో అదే తీగ తన అసలు గుణం చూపిస్తుంది.

మోర్గోన్‌లో అందరూ ముందుగా చెప్పే చోటు కోత్ దు పీ అనే గుట్ట. అక్కడ నేల నీలి ఛాయ ఉన్న రాయి. చేత్తో నలిపితే పొరలు పొరలుగా రాలిపోయే ఆ రాతిని స్థానికులు ‘కుళ్ళిన రాయి’ అంటారు. ఈ నేలలో పండిన వైన్ నాలుగైదేళ్లు సీసాలో నిలిచాక చెర్రీ పండు వాసనతో ముదిరి, లేత బోజొలే లక్షణాన్ని విడిచిపెడుతుంది. దానికోసం అక్కడివారు ఊరి పేరునుంచే ‘మోర్గొనే’ అని ఒక క్రియాపదం కూడా పుట్టించుకున్నారు. నవంబరు మూడో గురువారం విడుదలయ్యే బోజొలే నువో అనే లేత వైన్ ఒక్కటే తాగి ఈ ప్రాంతాన్ని తేలికగా తీసిపారేసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మోర్గోన్‌లో వగరు తక్కువగా ఉండటానికి తొక్క గుణంతోపాటు తయారీ పద్ధతి కూడా కారణం. చేత్తో కోసిన గుత్తులను చితకకొట్టకుండా అలాగే తొట్టిలో నింపుతారు. అడుగు పండ్లు పైబరువుకు నలిగి పులియడం మొదలుపెట్టగా వెలువడే బొగ్గుపులుసు వాయువు తొట్టినంతా ఆవరించి, పైన చెక్కుచెదరకుండా ఉన్న పండ్లలో లోలోపలే పులియడాన్ని రేపుతుంది. తొక్కను గట్టిగా నలపకపోవడంవల్ల పండు వాసన నిలుస్తుంది, వగరు అంతగా దిగదు.

ఇక తిండి విషయానికి వస్తే, లియాన్‌లో దీనిని రోజెట్ అనే ఎండు పంది మాంసపు సాసేజ్‌తోనూ, వైన్‌లో ఉడికించిన కోడితోనూ, సాఁ-మార్సెలాఁ అనే మెత్తటి జున్నుతోనూ తీసుకుంటారు; ఈ మూడింటిలో నేను జున్నుకే ఓటు వేస్తాను. మన వంటల్లోకి వస్తే చింతపండు పులుపున్న కోడి పులుసుకు ఇది చక్కగా కుదురుతుంది, ఎందుకంటే పులుపు తక్కువ ఉన్న వైన్ చింతపండు పక్కన చప్పబడిపోతుంది గానీ గామేకు తనదైన పులుపు ఉంది. గోంగూర మాంసం మాత్రం దీన్ని అణగదొక్కేస్తుంది. ఎన్నిసార్లు ప్రయత్నించినా నాకు కుదరలేదు. పచ్చిమిర్చి తగ్గించి, మిరియాలు, ధనియాలు ముందుంచి వేయించిన మాంసం వేపుడు దీనికి ఎంతో అనువైనది.

తాగడానికి అరగంట ముందు సీసాను ఫ్రిజ్‌లో పెట్టాలి, పద్నాలుగు డిగ్రీల దగ్గర దీని రుచి బాగా తెలుస్తుంది. ఆ రోజు పెద్దాయన తెచ్చిన సీసా మీద సన్నటి నీటి బిందువులు పట్టి ఉన్నాయి. రెండో గిన్నె పులుసు ఆయనే అడిగి వేయించుకున్నారు.