నిండా ఒక నిమిషం

మన కర్నూలు నర్సింగ్ కాలేజీ సావనీర్ కమిటీ నుంచి మా జూనియర్ ఫోన్ చేసి "అక్కా, ట్రాన్స్‌ఫర్మేషనల్ లీడర్‌షిప్, అదే మనుషుల్ని మార్చే నాయకత్వం మీద రెండు పేజీలు రాసియ్యి, నువ్వు ఎమ్మెస్సీలో అదే కదా చదివింది" అనింది. సరేలే అని కూర్చుంటే థియరీ ఒక్క ముక్క గుర్తుకు రాలేదు, వచ్చిందల్లా మెటర్నిటీ వార్డు, కిటికీ పక్కన మంచం, మన మేడమ్ చేతికుండే పాత హెచ్‌ఎంటీ వాచీ. కాబట్టి మీరు కూడా అదే చదవాల్సొస్తుంది, ఏమీ అనుకోవద్దు.

మా బ్యాచ్ 2007లో చేరింది. సగం మందిమి ఆదోని, ఆలూరు, పత్తికొండ పక్క పల్లెలోళ్ళమే, కర్నూలుకు రావడమే మాకు పెద్ద పట్నానికి వచ్చినట్టు, కొండారెడ్డి బురుజు ముందర ఫోటో దిగి ఇంటికి పంపించుకున్న బ్యాచ్ మాది. హాస్టల్ ఉగ్గాని గురించి, అందులో వెతికితే గానీ దొరకని పుట్నాల పొడి గురించి వేరేవాళ్ళు ఎట్లా రాస్తారు, నేను వదిలేస్తున్నా.

మేడమ్ గురించి చెప్పాలంటే ముందు ఒక మాట. ఈ సావనీర్లలో టీచర్లందరినీ అమృతమూర్తులని రాస్తారు, మన మేడమ్ అట్ల కాదు, మాట కటువు, ఎవరన్నా పొగిడితే ముఖం అటు తిప్పుకుంటుంది, ఫస్టియర్‌లో నన్ను రెండుసార్లు ఏడిపించింది కూడా. కానీ అరవై మందిలో ఎవరి ఊరేదో, ఎవరి నాయనకు ఆ ఏడాది పంట పోయిందో, ఎవరికి రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయో అన్నీ తెలుసు. పేర్లతో తక్కువ, ఊర్లతో ఎక్కువ పిలిచేది. "ఏం పాపా కోసిగీ, రాత్రి అన్నం తిన్యావా లేదా" అని రౌండ్స్ మధ్యలో అడిగితే ఆ అమ్మాయికి ఏం చెప్పాలో తెలిసేది కాదు, ఎందుకంటే తినలేదని మేడమ్‌కు ముందే తెలుసు.

2009 అక్టోబర్ 2 మీకందరికీ గుర్తుండే ఉంటుంది. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి ఊర్లోకి వచ్చినాయి. నీళ్ళు పోయినాక ఓల్డ్ టౌన్ వీధుల్లో మోకాలి లోతు బురద, ఆ వాసన ఇప్పటికీ ముక్కులో ఉంది. మమ్మల్ని బ్యాచ్‌లుగా చేసి క్యాంపులకు పంపించినారు, విరేచనాలు మొదలైతే ఓఆర్ఎస్ ఎట్ల కలుపుకోవాలో చెప్పాలి. మేమందరం చార్టులు రాసుకున్నాం, ఒక పాకెట్ ఒక లీటరు నీళ్ళల్లో అని ఎర్ర స్కెచ్‌తో పెద్దగా. మేడమ్ చార్టు చూసి "బాగుంది, లీటరు ఎట్ల కొలుస్తారు?" అనింది. గిన్నెతో అన్నాం. "గిన్నెలు యాడున్నాయి వాళ్ళకు?" అనింది.

ఒక్కరం నోరు తెరవలేదు. నిజమే కదా, ఇంట్లో చెంచా కూడా మిగలని వాళ్ళకు మేము లీటరు లెక్క చెప్తున్నాం. నీళ్ళు తక్కువైతే ఉప్పు ఎక్కువై పిల్లోనికే ప్రమాదం, ఎక్కువైతే మందు పలచబడి పని చేయదు, అది పుస్తకంలో చదివినాం గానీ గిన్నె సంగతి పుస్తకంలో లేదు. మేడమ్‌కు జవాబు తెలుసో లేదో నాకు ఇప్పటికీ డౌటే, కానీ చెప్పలేదు, "ఆలోచించుకొని రాండి" అని పక్క గదిలోకి పోయింది. చివరికి మాలో అందరికన్నా తక్కువ మాట్లాడే అమ్మాయి, పరీక్షల్లో ఎప్పుడూ అంచు మీద పాసయ్యే అమ్మాయి, సహాయం కింద పంచుతున్న నీళ్ళ బాటిళ్ళు చూపించి "అవి లీటరువే కదా మేడమ్, తాగినాక పారేస్తా ఉండారు" అనింది. అంతే, ఆ రోజు చార్టులన్నీ పక్కనపెట్టి ఖాళీ బాటిల్ చేతిలో పట్టుకొని పోయినాం. ఆ అమ్మాయి తర్వాత మా బ్యాచ్‌లో ఎట్ల మారిపోయిందో మా బ్యాచ్ వాళ్ళకే తెలుసు.

ఇంక నా కథ. థర్డ్ ఇయర్ మెటర్నిటీ పోస్టింగ్. ఏ ఆస్పత్రి అనేది వద్దులే, తప్పు నాది, ఆస్పత్రిది కాదు.

టీపీఆర్ చార్టు సంగతి మనందరికీ తెలిసిందే. టెంపరేచర్ నిజంగా చూస్తాం, పల్స్ పావు నిమిషం పట్టుకొని నాలుగుతో గుణిస్తాం, రెస్పిరేషన్, అంటే నిమిషానికి ఎన్ని శ్వాసలనేది మాత్రం అందరికీ 20. చూడకుండానే 20. మంచం మీద మనిషి లేకపోయినా 20 రాసేవాళ్ళమేమో. సీనియర్లు అట్లే రాసినారు, మేమూ అట్లే రాసినాం, ఎవ్వరూ అడగలేదు.

ఉగాదికి ముందు, సుగ్గికి పోయినవాళ్ళు తిరిగొచ్చే కాలం. గుంటూరు పక్క మిరపకాయ కోతకు పోయి అక్కడ్నుంచి తిరిగొచ్చిన మనిషి, నిండు చూలాలు, ఊర్లో దిగిన రాత్రే బీపీ పెరిగి ఫిట్స్ వచ్చి తెచ్చినారు. మూడు నెలలు చేలల్లో గుడారం కింద ఉంటే బీపీ చూసేదెవరు. ఫిట్స్ ఆపడానికి మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టినారు, మొదటి డోసు 14 గ్రాములు, 4 నరంలోకి, 5, 5 రెండు పిరుదుల్లోకి, ఆ తర్వాత 4 గంటలకొకసారి 5 గ్రాములు. ఆ మందు ఒంట్లో ఎక్కువైతే ఊపిరే మందగిస్తుంది, అందుకే ప్రతి డోసుకు ముందు మూడు చూడాలని నోటికొచ్చు నాకు, మోకాలి రిఫ్లెక్స్ ఉందా, మూత్రం గంటకు 30 మిల్లీలీటర్లన్నా వస్తుందా, శ్వాస 16కు తగ్గకుండా ఉందా. వైవాలో అడిగితే గడగడా చెప్పేదాన్ని. ఆ తెల్లవారుజామున మంచం దగ్గరికి పోయి చార్టులో రాసింది మాత్రం 20.

ఇంజెక్షన్ ట్రే తీసుకొని వస్తాంటే మేడమ్ వచ్చింది. చార్టు చూసింది, మంచం మీద మనిషి దిక్కు చూసింది, నా దిక్కు చూడలేదు. స్టూలు లాక్కొని కూర్చొని, చేతి వాచీ విప్పి నా అరచేతిలో పెట్టి "నేను లెక్కపెడతా, నువ్వు టైమ్ చూడు, నిండా ఒక నిమిషం" అనింది. ఆమె కడుపు మీద చెయ్యి ఆనీ ఆననట్టు పెట్టింది. ఒక నిమిషం అంత పొడుగు ఉంటుందని నాకు అప్పటిదాకా తెలీదు. సెకన్ల ముల్లు తిరుగుతానే ఉంది, ఆ మనిషి ఊపిరి ఒకటి వచ్చి, ఆగి, ఆగి, మళ్ళీ ఒకటి. మేడమ్ పెదాలు కదుల్తున్నాయి, బయటికి సౌండ్ లేదు. ముల్లు పన్నెండు దాటంగానే "అయిపోయింది మేడమ్" అన్నా. "13" అనింది.

డోసు ఆపేసినాం, డ్యూటీ డాక్టర్ పరిగెత్తుకొని వచ్చినారు, మోకాలు తట్టి చూస్తే రిఫ్లెక్స్ కూడా లేదు, కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి మెల్లగా ఎక్కించినారు. మెగ్నీషియం ఎక్కువైతే విరుగుడు అదే. తల్లి బతికింది, ఆడపిల్ల పుట్టింది. నేను ఆ ట్రేలో ఇంజెక్షన్ పొడిచేసి ఉంటే ఏమయ్యేదో ఇక్కడ రాయలేను.

మేడమ్ నన్ను తిట్టలేదు, అదే నాకు పెద్ద శిక్ష అనిపించింది అప్పుడు. డ్యూటీ అయినాక టీ తాగుతా ఒకే మాట అడిగింది, "20 అని మీకు ఎవరు నేర్పించినారు?" నేను సీనియర్ల పేర్లు చెప్పలేదు. "వాళ్ళకు నేర్పించింది నేనే అనుకో, నేను చూడలేదు కాబట్టి" అని గ్లాసు పక్కన పెట్టి లేచింది. ఆ మరుసటి రోజు నుంచి నెల పొడుగునా మార్నింగ్ రౌండ్స్‌లో ఒక మంచం దగ్గర తనే కూర్చొని లెక్కపెట్టేది, రోజుకు ఒక స్టూడెంట్ వాచీ పట్టుకోవాలి. సర్క్యులర్ లేదు, మెమో లేదు. నెల తిరిగేసరికి చార్టుల్లో 18, 22, 24, 17 కనపడటం మొదలైంది.

నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ గురించి క్లాసులో కూడా మేడమ్‌ది అదే పాట. 1854లో 38 మంది నర్సులతో క్రిమియా యుద్ధానికి బయల్దేరింది, దీపం పట్టుకొని రాత్రుళ్ళు తిరిగింది అని మేము చదివితే "దీపం సరే, ఆమె చావులు లెక్కపెట్టింది, అది రాసుకోండి" అనేది. దెబ్బలు తగిలి చచ్చిపోయినవాళ్ళ కన్నా రోగాలతో పోయినవాళ్ళే చాలా ఎక్కువ అని లెక్క తీసి, బొమ్మ గీసి ప్రభుత్వానికి చూపించింది నైటింగేల్. మే 12న, ఆమె పుట్టినరోజుకు మనం కొవ్వొత్తులు వెలిగిస్తాం, లెక్క సంగతి ఎవ్వరం మాట్లాడం.

చాలా ఏళ్ళకు ఎమ్మెస్సీలో మేనేజ్‌మెంట్ పేపర్ చదువుతాంటే తెలిసింది, మేడమ్ చేసినదానికొక పేరు ఉందని, అదే ఈ ట్రాన్స్‌ఫర్మేషనల్ లీడర్‌షిప్. 1978లో బర్న్స్ అనే ఆయన రాజకీయ నాయకుల గురించి రాస్తా మొదలుపెట్టినాడు, 1985లో బాస్ అనే ఆయన దాన్ని సంస్థలకు తెచ్చినాడు, ఆ తర్వాత నర్సింగ్‌లోకి వచ్చింది. అమెరికాలో మంచి నర్సింగ్ ఉన్న ఆస్పత్రులకు మ్యాగ్నెట్ అని గుర్తింపు ఇస్తారు, దాంట్లో ఇదొక ముఖ్యమైన భాగం. నాయకుడు తను చేసి చూపించాలి, పనికి ఒక అర్థం కనపడేట్టు చెయ్యాలి, కింది వాళ్ళను ప్రశ్న అడిగి ఆలోచింపజెయ్యాలి, ఒక్కొక్కరిని విడిగా పట్టించుకోవాలి, ఈ నాలుగూ బాస్ చెప్పినవి. చదువుతాంటే నాకు నవ్వొచ్చింది. వాచీ, లెక్క, బాటిల్, "ఏం పాపా కోసిగీ".

అయితే ఒకటి, ఈ థియరీని మెచ్చుకుంటా పోతే మోసపోతాం. రాత్రి నలభై మంచాలకు ఒక్క సిస్టర్‌ను పెట్టి "స్ఫూర్తితో పని చెయ్యండమ్మా" అనే మేనేజ్‌మెంట్లు నేను చూసినా, పేర్లెందుకు. నలభై మందికి ఒక్కొక్క నిమిషం అంటేనే నలభై నిమిషాలు, ఇంక మందులెప్పుడు, డ్రిప్పులెప్పుడు, కేస్ షీట్లెప్పుడు. మనిషికి మనిషిని ఇవ్వకుండా లీడర్‌షిప్ క్లాసు ఇస్తే అది నాయకత్వం కాదు, ఖర్చు తగ్గించుకోవడం. మన మేడమ్ కూడా ఈ విషయంలో పైవాళ్ళతో గట్టిగా కొట్లాడలేదు, స్టాఫ్ తక్కువైతే తను ఇంకో డ్యూటీ చేసేది. ఆ ఒక్కటి ఆమె దగ్గర నేను నేర్చుకోదల్చుకోలేదు.

నేను అనంతపురంలో వార్డు ఇన్‌చార్జ్ అయినాక మొదటి వారమే టీపీఆర్ చార్టులు తిరగేస్తే ఏముంటుంది, 20, 20, 20. నేనేం చేసినానో తెలుసా, నోటీసు అంటించినా, తప్పుడు ఎంట్రీ రాస్తే మెమో అని. వారంలో మార్పొచ్చింది, అందరూ 20 మానేసి 18, 22 మార్చి మార్చి రాయడం మొదలుపెట్టినారు, మంచం దగ్గరికి పోకుండానే! నా మీద నాకే సిగ్గేసి నోటీసు చించేసి స్టూలు లాక్కున్నా. మాకు పట్టింది నెల, వీళ్ళకు దగ్గర దగ్గర ఆరు నెలలు పట్టింది, నేను మేడమ్‌ను కాదు కదా.

మొన్న నైట్ రౌండ్స్‌లో, ఆయాసంతో వచ్చిన పెద్దాయన దగ్గర నేనే లెక్కపెట్టి 28 రాయమన్నా. పక్కన కొత్తగా చేరిన పాప, మడకశిర పక్క అమ్మాయి, పెన్ను ఎత్తి ఆగిపోయింది. "మేడమ్, మీరు పావు నిమిషమే చూసినారు" అనింది.

నిజమే. కాళ్ళు పీకుతా ఉండె, పావు నిమిషం చూసి నాలుగుతో గుణించేసినా.

ఆ పాప తన చేతి వాచీ విప్పి నా ముందర పట్టుకుంది.