ఫిర్యాదుల పుస్తకం ఖాళీగా ఉన్నప్పుడు

ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గర దివ్యాంగ పిల్లల కోసం మా సంస్థ ఒక చిన్న కేంద్రం నడుపుతోంది. చాలా ఏళ్లు అదంతా పెద్దక్క జ్ఞాపకం మీదే నడిచింది. ఎవరికి ఏ వ్యాయామం, ఎవరికి మూర్ఛ మందు ఎంత, అన్నీ ఆమెకు కంఠస్థం. ఆమె జ్వరంతో పది రోజులు రాలేకపోయినప్పుడు ఒక పాపకు రెండు రోజులు మందు పడలేదు. మూర్ఛ వచ్చింది. ప్రాణాపాయం తప్పింది కానీ ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర లేదు. విరాళాల కోసమే ఐఎస్‌ఓ 9001 అనే అంతర్జాతీయ నాణ్యతా ప్రమాణపు ధ్రువపత్రానికి వెళ్లామని కొందరు అనుకున్నారు. మమ్మల్ని కదిలించింది ఆ రాత్రి.

ఫ్యాక్టరీల ప్రమాణం మనకెందుకని మొదట నేనూ అడిగాను. చదివితే తెలిసింది, అది సేవలకూ వర్తిస్తుంది. 2015లో సవరించిన రూపంలో లావుపాటి నాణ్యతా గ్రంథం కూడా తప్పనిసరి కాదు. పని ఎలా జరగాలో తేల్చుకోవాలి, జరిగినట్టు ఆధారం ఉంచాలి, తప్పు దొర్లితే దాని మూలం వెతకాలి. మేం మొట్టమొదట రాసుకున్నది మందుల పట్టిక: మోతాదు, వేళ, ఇచ్చినవారి సంతకం. మిగతా కాగితాలకు ఎనిమిది నెలలు పట్టింది.

ధ్రువపత్రం కోసం చేసే తనిఖీ, అంటే ఆడిట్, రెండు దశల్లో జరిగింది. పత్రాల పరిశీలన సాఫీగా గడిచింది. రెండో దశలో ఆడిటర్ గారు ఫిర్యాదుల పుస్తకం అడిగితే, ఖాళీ పుస్తకాన్ని గర్వంగా చూపించాను. “ఇందులో తల్లులు రాయగలరా అమ్మా?” అన్నారాయన. పుస్తకం ఒడియాలో ఉంది. మా దగ్గరికి వచ్చే తల్లుల్లో ఎక్కువమందిది సవర భాష, చదువు రాదు. గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించిన ఊరికి ఇంత దగ్గరలో ఉండి, నాకు ఆ ఆలోచన రాకపోవడం నేటికీ బాధే.

అది లోపంగా నమోదైంది. అప్పటి నుంచి సవర వచ్చిన మా ఆయా నెలకోసారి తల్లులతో కూర్చుని, విని, రాస్తోంది. తొలి నెలలోనే ఒక సంగతి బయటపడింది. ఒక బాబు కాలికి ఊతంగా కట్టే కాలిపర్ మోకాలి దగ్గర ఒరుసుకుని పుండు పడుతోంది, అందుకే తల్లి ఇంటికి వెళ్లగానే విప్పేస్తోంది. మేమేమో శ్రద్ధ లేదని ఆమెనే మందలిస్తూ వచ్చాం! కాలిపర్ సరిచేయించి, ఆమెను క్షమించమని అడిగాం.

ధ్రువపత్రం మూడేళ్లకు, మధ్యలో ఏటా పరిశీలన ఉంటుంది. ఆ ఖర్చు చిన్న సంస్థలకు భారమే. ధ్రువపత్రం లేకుండా కూడా ఈ పద్ధతి పాటించవచ్చని అడిగినవారందరికీ చెబుతున్నాను.

ఈ సంక్రాంతికి పెద్దక్క వారం రోజులు బొబ్బిలిలో కూతురి ఇంట ఉన్నారు. మందుల గురించి ఆమెకు ఒక్క ఫోను కూడా చేయవలసి రాలేదు.