పాత సర్వరు, కొత్త కోడు

మూడు రోజులుగా ఒకటే పని. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేరు 8.0 వెర్షన్ మీద హాయిగా రాసుకున్న ప్రోగ్రాము, క్లయింటు దగ్గరున్న పాత 5.6 మీద నడవాలి. సర్వరు మార్చుకోరాదా అని అడిగితే "అది బాగానే నడుస్తోంది కదండీ" అన్నారు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది.

డేటా ఎక్కించబోతే మొదటి పట్టిక దగ్గరే మొండికేసింది, ఆ కొలేషన్, అంటే అక్షరాలను పోల్చి వరుసపెట్టే పద్ధతి, తనకు తెలియదని. 8.0 తనంతట తానే పెట్టే కొలేషన్ పేరులో 0900 అని ఉంటుంది. యూనికోడ్ 9.0 నాటి అక్షరక్రమం అన్నమాట. పాతదానికి దాని ఊసే తెలియదు. సరే, పాత యూనికోడ్ కొలేషన్‌కు మార్చాను. వెంటనే ఇంకో పేచీ: ఇండెక్సు (త్వరగా వెతకడానికి పెట్టుకునే సూచిక) కీ 767 బైట్లు దాటకూడదట. నా ఈమెయిల్ కాలమ్ 255 అక్షరాలు. యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షర సంకేత పద్ధతిలో అక్షరానికి నాలుగు బైట్ల చొప్పున లెక్కేస్తే 1020. చివరికి 191కి కుదించాను, అంటే 764 బైట్లు. ఇతరుల కోడులో ఈ 191 కనబడినప్పుడల్లా ఎవరి చాదస్తమో అని నవ్వుకునేవాణ్ణి!

అసలు దెబ్బ నివేదికల దగ్గర తగిలింది. 5.6లో వరుసలకు సంఖ్యలిచ్చే రో నంబర్ ఫంక్షన్ లేదు, మధ్యలో వచ్చే ఫలితానికి పేరు పెట్టి వాడుకునే, విత్‌తో మొదలయ్యే క్వెరీలు (డేటాను అడిగే ఆదేశాలు) లేవు. ఒక్కో ఖాతాదారు చివరి బిల్లు తీయడానికి పట్టికను దానితోనే జాయిన్ చేసి, అంటే జతకలిపి, గరిష్ఠ తేదీ వెతుక్కోవలసి వచ్చింది. ఏడు వరుసల క్వెరీ ఇరవై దాటింది.

నిన్న రాత్రి పదకొండింటికి మొదటి బిల్లు అచ్చయింది, ఖాతాదారు పేరు ఒత్తులతో సహా సరిగ్గా. ఇప్పుడు నా కంప్యూటర్లోనూ 5.6 పెట్టుకున్నాను. ఆ పని మొదటి రోజే చేయవలసింది.