గ్రూప్ 4 కొట్టాను: కేసున్న తమ్ముళ్లకు నాలుగు మాటలు

తమిళనాడు పబ్లిక్ సర్వీస్ కమిషన్ గ్రూప్ 4లో పోస్టు ఎంచుకునే కౌన్సెలింగ్ అయిపోయింది. జూనియర్ అసిస్టెంట్. అమ్మ స్వీట్లు పంచుతుంటే చెన్నైలోని మా వ్యాసర్‌పాడి వీధిలో "వీడికా ఉద్యోగం?" అన్నవాళ్లే ఎక్కువ. అననివ్వండి. సిలబస్ గురించి చాలామంది రాశారు, నేను రాయను. ఒంటి మీద కేసుండి, "అన్న రమ్మంటున్నాడు" అని గ్యాంగు లీడర్ నుంచి కబురొస్తే వెళ్లక తప్పని వాళ్ల కోసమే ఇది.

మా తాత నెల్లూరు వైపు నుంచి మద్రాసొచ్చి కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చాడు. అమ్మదీ అదే పని. తొమ్మిదిలో బడి మానేసి అన్న మనుషుల్లో చేరాను. మామూళ్ల వసూళ్లు, శవయాత్రల్లో గొడవలు, అన్న పుట్టినరోజు బ్యానర్లు. డబ్బు బాగా ఉంటుందనుకుంటారు. బిర్యానీ, బండికి పెట్రోలు, అంతే. ఒక కొట్లాటలో కేసు పడింది. సాక్షులు అడ్డం తిరగడంతో కొట్టేశారు. పదో తరగతి ప్రైవేటుగా కట్టి పాసయ్యాక కానిస్టేబుల్‌కి రాద్దామనుకున్నా. కానీ తమిళనాడు పోలీసు రూల్స్‌లో బెనిఫిట్ ఆఫ్ డౌట్ (నేరం రుజువు కాలేదన్న సందేహం) మీద బయటపడ్డా, ఫిర్యాదు ఇచ్చినవాడు అడ్డం తిరిగి బయటపడ్డా కేసులో ఉన్నట్టే లెక్క. అందుకని గ్రూప్ 4.

2024 జూన్ 9, ఆదివారం పరీక్ష. అప్పటికి గ్యాంగుకి దూరంగానే ఉంటున్నా. ముందురోజు రాత్రి ఎక్కడో ఎవరినో నరికారని పాత కేసులున్న వాళ్లందరినీ స్టేషన్‌కి తెచ్చి కూర్చోబెట్టారు. హాల్ టికెట్ చూపించాను. "రౌడీకి పరీక్షా?" అని రైటర్ నవ్వాడు. పక్కన కూర్చున్న మనవాళ్లూ నవ్వారు, నాకు అదే ఎక్కువ మండింది. తెల్లారి వదిలేటప్పటికి ఎనిమిదిన్నర. ఆటో పట్టుకుని సెంటర్‌కి పరిగెత్తాను. తొమ్మిదికి గేటు వేస్తారని మీకు తెలుసుగా! లోపల నా రూమ్ నంబరు బోర్డు మీద కనిపిస్తూనే ఉంది. వాచ్‌మన్ కాళ్లు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ సాయంత్రం అన్న ఫోన్ చేసి, "చూశావా, మనకెందుకురా ఇవన్నీ" అన్నాడు. చాలా ప్రేమగా అన్నాడు. అందుకే భయమేసింది.

వారం తిరక్కుండా అంబత్తూరులో పిన్ని ఇంటికి మారిపోయాను. నంబరు మార్చాను. స్నేహితులను వదిలేశాడని ఇప్పటికీ అంటారు. అవును, వదిలేశాను. అక్కడే ఉండి చదువుకోవచ్చనేవాళ్లకు సాయంత్రం ఆరు తర్వాత మా వీధి ఎలా ఉంటుందో తెలియదు. రాత్రి గోడౌన్‌లో లోడింగ్, పగలు కోట్టూర్‌పురం అన్నా శతజయంతి లైబ్రరీలో సొంత పుస్తకాలు తెచ్చుకుని చదువుకునే హాలు. ఏసీ ఉంటుంది, నిద్ర మాత్రం ఆపుకోవాలి.

తమిళం గురించి ఒక్క మాట. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం కాబట్టి తమిళం వచ్చేసినట్టే అనుకుంటాం. వీధి తమిళం ఇలక్కణానికి, అంటే తమిళ వ్యాకరణానికి, పనికిరాదు. పరీక్షలో తమిళం భాగానికి 150లో 60 రాకపోతే మిగతాది దిద్దనే దిద్దరు, పైగా ఆ మార్కులు ర్యాంకులో కలుస్తాయి. ఆరు నుంచి పది దాకా స్కూలు పుస్తకాలు తప్ప గైడ్లు ముట్టుకోలేదు. 2025 జూలైలో మళ్లీ రాసినప్పుడు తమిళం కష్టంగా వచ్చిందని అందరూ గోల పెట్టారు. నన్ను గట్టెక్కించింది ఆ తమిళమే.

కోటాలో వచ్చిందంటారు కొందరు. తమిళనాడులో ఎస్సీల 18 శాతంలో అరుంధతియర్లకు (మాదిగ, చక్కిలియన్ లాంటి కులాలు) 3 శాతం 2009 నుంచి ఉంది, ఆది ఆంధ్రులం మేమూ అందులోనే. అది హక్కు. ఆ 3 శాతం కోసం పోటీపడేవాళ్లు లైబ్రరీలో నా చుట్టూనే కూర్చున్నారు.

ఇక కేసు. దాచొద్దు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందేమిటంటే, దాచడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చు. చెప్పినంత మాత్రాన ఇచ్చి తీరాలనీ లేదు, పరిశీలిస్తారు. నేను అప్లికేషన్‌లోనే రాశాను, తీర్పు కాపీ జతచేశాను. పద్దెనిమిది నిండకముందు కేసయితే జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 24 చదవండి. దాని వల్ల అనర్హత రాదు, పదహారు దాటి పెద్దవాళ్లలా విచారణ జరిగినవాళ్లకు తప్ప. అలాంటివాళ్లు లాయర్ని అడిగాకే అప్లికేషన్లో కేసుల కాలమ్ నింపండి. తీర్పు సర్టిఫైడ్ కాపీకి మాత్రం కౌన్సెలింగ్ దాకా ఆగకండి, కోర్టు కాపీయింగ్ సెక్షన్‌లో ఇప్పుడే అప్లై చేసి పెట్టుకోండి.